1980లో మూసుకున్న తలుపులు, 1995లో నిండిన మైదానాలు: ఆకాశం ప్రజలదైన చరిత్ర

ఈ వారం వ్యాసం ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

1980 ఫిబ్రవరి 16న మన దేశం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. కర్ణాటక తీరంలో మొదలై, రాయచూరు, అప్పటి ఆంధ్రప్రదేశ్ మీదుగా ఒడిశా తీరం దాకా నీడ నడిచింది. మన ప్రధాన భూభాగం మీద 1898 తర్వాత వచ్చిన తొలి సంపూర్ణ సూర్యగ్రహణం అది. ఆ రోజు వీధులు ఖాళీ. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి, కర్ఫ్యూ పెట్టినట్టు ఉండిందని చెబుతారు. జనం బయటికి రాకుండా దూరదర్శన్ ఆ మధ్యాహ్నం ఏకంగా హిందీ సినిమా వేసిందని ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1995 అక్టోబరు 24న మళ్ళీ సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఈసారి దీపావళి మర్నాడు, పొద్దున్నే. రాజస్థాన్‌లోని నీమ్ కా థానా నుంచి బెంగాల్‌లోని డైమండ్ హార్బర్ దాకా మైదానాలు, మేడలు, పొలాల గట్లు జనంతో నిండిపోయాయి. దూరదర్శన్ సినిమా వెయ్యలేదు, గ్రహణాన్నే ప్రత్యక్ష ప్రసారం చేసింది.

మధ్యలో గడిచింది 15 ఏళ్ళు. అదే దేశం, అదే సూర్యుడు, చాలావరకు అవే నమ్మకాలు. మరి మారింది ఏమిటి?

జీఎస్ పేపర్-1లో ఆధునిక భారత చరిత్ర, సమాజం చదువుతాం. పేపర్-3లో సైన్స్ అండ్ టెక్నాలజీ, పర్యావరణం చదువుతాం. ఎస్సే పేపర్లో శాస్త్రీయ దృక్పథం మీద రాయాల్సి వస్తే 51-ఎ(హెచ్) అధికరణ ఒక్కటి రాసి పేరా ముగిస్తాం. కానీ ఆ అధికరణ వీధిలోకి ఎలా వచ్చిందో చెప్పడానికి మన దగ్గర ఉన్న గట్టి ఉదాహరణల్లో ప్రజా ఆకాశ దర్శనం ఒకటి. అంటే పార్కులోనో, మైదానంలోనో, మేడ మీదో టెలిస్కోప్ పెట్టి పదిమందికీ ఆకాశం చూపించే పని. దాని చరిత్రని కాలక్రమంలో చూద్దాం.

1. చూపు అందరిది, లెక్క కొందరిది

మన దేశంలో ఆకాశం ఎవరికీ కొత్త కాదు. తెలుగు పల్లెల్లో కృత్తికలను పిల్లల కోడి అంటారు. వేగుచుక్క పొడిస్తే లేచి పనిలోకి దిగిన తరాలు మనవి. పెళ్ళిలో పురోహితుడు అరుంధతీ నక్షత్రం చూపిస్తాడు. పట్టపగలు ముహూర్తమైనా సరే, వధూవరులు కనబడిందనే అంటారు!

అయితే చూడటం వేరు, లెక్క కట్టడం వేరు. తిథి, నక్షత్రం, గ్రహణ సమయం తేల్చే లెక్క సిద్ధాంతుల చేతిలో ఉండేది. ఆ సిద్ధాంతుల్ని పోషించింది రాజులు, ఆలయాలు. పంచాంగం చేతిలో ఉన్నవాడికి సమాజంలో ఒక అధికారం ఉండేది.

జయపూర్ రాజు రెండో సవాయి జైసింగ్ కట్టిన జంతర్ మంతర్లు ఈ సంప్రదాయంలోనే పెద్ద మలుపు. 1724 నుంచి సుమారు పదేళ్ళలో ఢిల్లీ, జయపూర్, ఉజ్జయిని, మథుర, వారణాసిలో ఐదు వేధశాలలు కట్టించాడు. మథురది ఇప్పుడు లేదు. జయపూర్‌ది 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి సమ్రాట్ యంత్రం సుమారు 27 మీటర్ల ఎత్తున్న రాతి గడియారం. మొగల్ చక్రవర్తి మహమ్మద్ షా పేరు మీద జిజ్-ఇ-మహమ్మద్ షాహీ అనే పట్టికలు తయారయ్యాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. యంత్రాలు ఆరుబయట, ఎంత దూరం నుంచైనా కనిపించేంత పెద్దవి. కానీ వాటి అవసరం పంచాంగాన్ని, పట్టికల్ని సరిదిద్దడం. జనానికి ఆకాశం నేర్పడం కాదు.

ఒడిశాకు చెందిన సామంత చంద్రశేఖర్‌ని, అంటే పఠాణి సామంతని (1835-1904), కూడా ఈ వరుసలోనే గుర్తుపెట్టుకోండి. టెలిస్కోప్ లేకుండా, వెదురు, కర్రలతో చేసుకున్న పరికరాలతో గ్రహాల కదలికలు కొలిచాడు. ఆయన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. పరికరం ఖరీదుకీ పరిశీలన నాణ్యతకీ సంబంధం లేదని రాయడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

2. కంపెనీ వేధశాల, గుంటూరు గ్రహణం

1786లో మద్రాసులో విలియం పెట్రీ అనే కంపెనీ అధికారి సొంత ఖర్చుతో ఒక వేధశాల పెట్టుకున్నాడు. 1792లో ఈస్టిండియా కంపెనీ దానికి నుంగంబాకంలో భవనం కట్టించింది. ఉద్దేశం స్పష్టం: ఓడలకు దారి, భూములకు పటం, రాజ్యానికి సరైన సమయం. 1899లో పరిశోధన కేంద్రం కొడైకెనాల్‌కు మారింది. బెంగళూరు కేంద్రంగా ఉన్న నేటి భారత ఖగోళ భౌతిక సంస్థ తన మూలాల్ని ఇక్కడే చెప్పుకుంటుంది.

ఈ దశలో తెలుగు నేలకు ఒక పెద్ద స్థానం ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సన్ గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ అధికారి టెన్నెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. వర్ణపటంలో కొత్త పసుపు గీత కథ ఈ గ్రహణంతోనే మొదలైంది. దాన్నే తర్వాత హీలియం అన్నారు. ఒక మూలకాన్ని భూమ్మీద కన్నా ముందు సూర్యుడిలో గుర్తించిన కథలో గుంటూరు పేరుంది.

ప్రిలిమ్స్‌కి ఇక్కడిదాకా చాలు. మెయిన్స్‌కి ఇంకో అడుగు వెయ్యాలి. ఆ దండయాత్రలన్నీ కొలవడానికి వచ్చినవి, చూపించడానికి కాదు. చూపించాలన్న ఆలోచన మన మనుషుల దగ్గర మొదలైంది.

ఇద్దరి పేర్లు రాసుకోండి.

మొదటివారు చింతామణి రఘునాథాచారి. మద్రాసు వేధశాలలో సహాయకుడు. 1867లో ఆర్ రెటిక్యులి అనే చర తారను, అంటే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాన్ని, కనిపెట్టాడు. 1868 గ్రహణానికి వనపర్తికి వెళ్ళిన బృందానికి నాయకత్వం వహించాడు. అయితే మన అంశానికి ముఖ్యమైంది ఆయన 1874లో చేసిన పని. ఆ డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగబోతున్నాడని తెలిసి, అది ఏమిటో, ఎందుకు చూడాలో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషుతో పాటు భారతీయ భాషల్లో కూడా తెచ్చాడు. ఆకాశంలో జరగబోయేదాన్ని ముందుగా, జనం భాషలో చెప్పడం! ప్రజా ఖగోళ విద్యకు మన దేశంలో తొలి నమూనాల్లో ఇదొకటి.

రెండోవారు విశాఖపట్నానికి చెందిన అంకితం వెంకట నరసింగరావు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖలో తన ఇంటి ఆవరణలోనే వేధశాల పెట్టుకున్నారు. అల్లుడు దాన్ని కొనసాగించి, 1874 శుక్ర సంఘటనను అక్కడినుంచే పరిశీలించాడు. జమీందారీ కుటుంబం కాబట్టి సాధ్యమైంది అని మీరు అనవచ్చు. నిజమే. కానీ ప్రభుత్వ ఆజ్ఞ లేకుండా, కేవలం ఆసక్తితో ఆకాశం చూసే భారతీయుడు అనే కొత్త పాత్ర అక్కడ పుట్టింది.

3. జెస్సోర్ గుమాస్తా, చేతులు మారిన టెలిస్కోప్

ఆ పాత్ర మధ్యతరగతికి చేరింది 1910 హేలీ తోకచుక్కతో. ఆ ఏడాదే కలకత్తాలో ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. సంస్థ ఎక్కువ కాలం నిలవలేదు. కానీ అదే తోకచుక్క ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌లో ఒక మనిషిని పట్టుకుంది.

రాధాగోబింద చంద్ర (1878-1975) మెట్రిక్యులేషన్ దాటలేకపోయాడు. జెస్సోర్ ట్రెజరీలో చిన్న ఉద్యోగం. 3 అంగుళాల టెలిస్కోప్ కొనుక్కున్నాడు. రాత్రుళ్ళు చర తారల వెలుగు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని అంచనా వేసి కాగితం మీద రాసుకునేవాడు. ఆ లెక్కలు అమెరికాలోని చర తారల పరిశీలకుల సంఘానికి పంపాడు. జీవితం మొత్తంలో అలాంటివి 37 వేలకు పైగా! 1926లో ఆ సంఘం ద్వారా ఆయనకి 6 అంగుళాల టెలిస్కోప్ వాడుకోవడానికి వచ్చింది. దేశ విభజన తర్వాత ఆయన భారతదేశానికి వచ్చేశాడు.

ఇక వాడలేని వయసు వచ్చాక ఆ టెలిస్కోప్ వేణు బాప్పు చేతికి వెళ్ళింది. బాప్పు హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి, చదువు నిజాం కాలేజీలో. తర్వాత తమిళనాడులోని కావలూరులో వేధశాల కట్టింది ఆయనే. జెస్సోర్ గుమాస్తా వాడిన టెలిస్కోప్ చివరికి కావలూరు చేరింది.

అటెంప్టుల లెక్క మధ్య బతికే మనకు రాధాగోబింద కథ కొంచెం దగ్గరగా తగులుతుంది. ఆయనకు పరీక్ష అడ్డుపడింది, పని అడ్డుపడలేదు. రోజూ ఒకే పనిని ఓపికగా చేసి, ప్రతి రాత్రీ నోట్స్ రాసుకున్నాడు. అంతే.

నిజామియా గురించి రెండు ముక్కలు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ హైదరాబాదులో సొంతంగా మొదలుపెట్టాడు, 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. ఆకాశం మొత్తాన్ని ఫోటో పలకల మీద కొలిచే అంతర్జాతీయ ప్రాజెక్టులో పాల్గొని లక్షల నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది.

పశ్చిమాన పుణెలో 1944లో జ్యోతిర్విద్యా పరిసంస్థ ఏర్పడింది. ఇప్పటికీ పనిచేస్తున్న ఔత్సాహికుల సంఘాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. స్వాతంత్ర్యం నాటికి మన దగ్గర వేధశాలలు ఉన్నాయి, కొద్దిమంది ఔత్సాహికులు ఉన్నారు. లేనిది ప్రేక్షకుడు.

4. గోపురం కింద ఆకాశం

ప్రేక్షకుడిని తయారుచేసే పని నక్షత్రశాలలకు అప్పగించింది నెహ్రూ తరం. పుణెలోని న్యూ ఇంగ్లీష్ స్కూల్లో 1954లోనే చిన్న నక్షత్రశాల వచ్చింది. కలకత్తాలోని బిర్లా నక్షత్రశాలను 1963లో నెహ్రూ ప్రారంభించారు. ముంబయిలో 1977, ఢిల్లీలో 1984, హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద 1985, బెంగళూరులో 1989. సరిగ్గా ఈ మధ్యలోనే 1976లో 42వ సవరణ ద్వారా ప్రాథమిక విధులు వచ్చాయి. వాటిలో 51-ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుడి విధి అంటుంది.

నక్షత్రశాల చేసిన మేలు తక్కువేమీ కాదు. మన తల్లిదండ్రుల్లో చాలామందికి శని వలయాలు మొదట కనిపించింది అక్కడే. స్కూల్ ఎక్స్‌కర్షన్లో, చల్లటి చీకట్లో, సగంమంది పిల్లలు నిద్రపోతుండగా! కానీ దాని హద్దు కూడా చూడాలి. అది నగరంలో ఉంటుంది. టికెట్ ఉంటుంది. ముఖ్యంగా, అక్కడ కనిపించేది ఆకాశం బొమ్మ. బయటికొచ్చాక నిజం ఆకాశంలో ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపే మనిషి కావాలి. 1980 నాటికి ఆ మనుషులు చాలా కొద్దిమంది.

5. 1980 నుంచి 1995 దాకా ఏం జరిగింది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. చాలా ఆన్సర్లలో 1980ని మూఢనమ్మకం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజం. ఆ రోజు శాస్త్రవేత్తలు, వైద్యులు కూడా సూర్యుడిని నేరుగా చూడొద్దనే హెచ్చరించారు. ఆ హెచ్చరిక సరైనదే. కంటి వెనుక పొరకు నొప్పి తెలియదు, కాలిపోయినా ఆ క్షణంలో తెలియదు. కానీ చూడొద్దు అన్న సైన్సు మాట, బయటికి రావొద్దు అన్న ఆచారం మాట, రెండూ సామాన్యుడి చెవిలో ఒకేలా వినిపించాయి. సురక్షితంగా ఎలా చూడాలో చెప్పే ఏర్పాటు జనం దగ్గరికి చేరలేదు. జాపాల్-రంగాపూర్‌లో శాస్త్రవేత్తలు సంపూర్ణ గ్రహణాన్ని కొలుస్తుంటే, పక్కనే ఉన్న హైదరాబాదులో జనం తలుపులు వేసుకున్నారు.

తర్వాతి 15 ఏళ్ళలో వరుసగా జరిగినవి ఇవి:

• 1981లో ముంబయి నెహ్రూ సెంటర్ నుంచి శాస్త్రీయ దృక్పథంపై ప్రకటన వెలువడింది. పి.ఎన్. హక్సర్, రాజా రామన్న, హైదరాబాదు సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ దాని వెనుక ఉన్నారు. మన సమాజంలో హేతుబద్ధత వెనకపడుతోందన్నది వాళ్ళ ఆందోళన.

• 1982లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద జాతీయ శాస్త్ర సాంకేతిక ప్రసార మండలి, 1989లో విజ్ఞాన్ ప్రసార్ ఏర్పడ్డాయి.

• 1985-86లో హేలీ తోకచుక్క తిరిగి వచ్చింది. కంటికి అంత ఘనంగా కనిపించలేదు. కానీ దాన్ని చూపించాలన్న ఉత్సాహం చాలామందిని టెలిస్కోప్ దగ్గరికి తెచ్చింది.

• 1987లో భారత జన విజ్ఞాన జాతా దేశం నలుమూలల నుంచి ఐదు దళాలుగా బయలుదేరి భోపాల్‌లో ముగిసింది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు లాంటి సంస్థలు 1962 నుంచే చేస్తున్న పనికి అది జాతీయ రూపం. 1988లో అఖిల భారత ప్రజా సైన్స్ నెట్‌వర్క్, మన దగ్గర జన విజ్ఞాన వేదిక వచ్చాయి.

• ఈలోగా టీవీ పల్లెలకు చేరింది.

కాబట్టి 1995 గ్రహణం నాటికి జనానికి మూడు అందుబాటులోకి వచ్చాయి. సౌర ఫిల్టర్ అనే వస్తువు. దాన్ని ఎలా వాడాలో మాతృభాషలో చెప్పే కరపత్రం. పక్కన నిలబడి ముందు తాను చూసి, తర్వాత మీకు ఇచ్చే ఊరి మాస్టారు లేదా కార్యకర్త. భయపడకండి అని చెప్పడం 1980లోనూ కొందరు చేశారు. ఇదిగో, ఇలా చూడండి అనడం 1995లో జరిగింది.

నా దృష్టిలో ఈ మొత్తం చరిత్ర చెప్పే మాట ఇదే: శాస్త్రీయ దృక్పథం ఉపన్యాసంతో రాదు, ఏర్పాటుతో వస్తుంది. ఇంట్లో నాయనమ్మ గ్రహణం పట్టు విడుపు స్నానం చేస్తే దాన్ని వెక్కిరించి ఎవరినీ మార్చలేం. ఆవిడ చేతిలో ఫిల్టర్ పెట్టి, సూర్యుడిలో కొరికినట్టున్న నల్లటి ముక్కని చూపిస్తే, స్నానం చేసినా చెయ్యకపోయినా ఆవిడ మనవరాలు మాత్రం తలుపు వెనక కూర్చోదు.

ఎదురువాదన కూడా రాయాలి. రెండు గ్రహణాలూ ఒకే చోట రాలేదు, కాబట్టి ఒకే జనాన్ని పోల్చడం కాదు. 1995లోనూ ఇళ్ళలో ఉండిపోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 2019 డిసెంబరు 26 వలయాకార గ్రహణానికి కూడా చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. మార్పు పూర్తి కాలేదు. కానీ దిశ స్పష్టంగా ఉంది.

6. మబ్బు పట్టిన తారేగ్నా

2004 జూన్ 8న శుక్రుడు మళ్ళీ సూర్యబింబం మీదుగా సాగాడు, 1882 తర్వాత మొదటిసారి. రఘునాథాచారి 1874లో పుస్తకం రాసిన అదే సంఘటన. ఈసారి స్కూళ్ళ ఆవరణల్లో పిల్లలు అద్దంతో, టెలిస్కోప్‌తో సూర్యుడి ప్రతిబింబాన్ని గోడమీద, తెల్ల కాగితం మీద పట్టి చూశారు.

2009 అంతర్జాతీయ ఖగోళ శాస్త్ర సంవత్సరం. ఆ జూలై 22న బిహార్‌లోని తారేగ్నా అనే చిన్న ఊరు వార్తల్లోకెక్కింది. సంపూర్ణ గ్రహణం బాగా కనిపించే చోటని శాస్త్రవేత్తలు, ముఖ్యమంత్రి, వేలమంది జనం అక్కడికి చేరారు. ఆర్యభటుడితో ముడిపెట్టి చెప్పుకునే ఊరు అది. తీరా సమయానికి దట్టమైన మబ్బు! సూర్యుడు కనబడలేదు. పొద్దున్నే చీకటి మాత్రం పడింది, తర్వాత తెల్లారింది.

దీన్ని వైఫల్యం అనొచ్చా? వానాకాలంలో బిహార్‌లో మబ్బు ఉండొచ్చని తెలిసే అందరూ వెళ్ళారు. గ్రహణానికి భయపడి లోపల కూర్చోవడం నుంచి, గ్రహణం కనబడలేదని బాధపడటం దాకా వచ్చిన జనం వాళ్ళు. ఆ బాధే ఒక సామాజిక మార్పుకు కొలమానం.

7. పెంచ్, హాన్లే: ఇప్పుడు ఆకాశానికే కాపలా

ఇక్కడిదాకా సమస్య చూపించే మనిషి లేకపోవడం. ఇప్పుడు చూడటానికి ఆకాశం లేకపోవడం. 2016లో వెలువడిన ప్రపంచ పటం ప్రకారం మానవాళిలో 80 శాతానికి పైగా కాంతి కాలుష్యం ఉన్న ఆకాశం కింద బతుకుతున్నారు. ప్రపంచవ్యాప్తంగా పౌరులు పంపిన పరిశీలనలతో 2023లో వచ్చిన మరో అధ్యయనం, రాత్రి ఆకాశం వెలుగు సగటున ఏటా 9.6 శాతం పెరుగుతోందని అంచనా వేసింది. హైదరాబాదు అశోక్‌నగర్‌లో మా రీడింగ్ రూమ్ మేడ మీదికి రాత్రి పదింటికి ఎక్కితే చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చుక్కలే కనిపిస్తాయి. సప్తర్షుల్లో ఏడుగురూ కనబడితే ఆ రోజు అదృష్టమే.

అందుకే కార్యక్రమం మైదానం నుంచి అడవికి, ఎడారికి జరిగింది.

లద్దాఖ్‌లోని హాన్లేలో సుమారు 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. దాని చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో లద్దాఖ్ పాలనా యంత్రాంగం చీకటి ఆకాశ అభయారణ్యంగా నోటిఫై చేసింది. ఇందులో గొప్ప భాగం టెలిస్కోప్ కాదు. చుట్టుపక్కల ఊళ్ళ యువతీయువకులు ఇరవైమందికి పైగా భారత ఖగోళ భౌతిక సంస్థ దగ్గర శిక్షణ పొంది, టెలిస్కోపులు తీసుకుని, ఖగోళ రాయబారులుగా పర్యాటకులకు ఆకాశం చూపిస్తున్నారు. చీకటి ఉంటేనే వాళ్ళకి ఆదాయం. కాబట్టి కిటికీకి తెర వెయ్యమని, కారు హెడ్‌లైట్ ఆపమని వాళ్ళే చెబుతారు.

మహారాష్ట్ర నాగపూర్ జిల్లాలోని పెంచ్ పులుల అభయారణ్యాన్ని 2024 జనవరిలో డార్క్‌స్కై ఇంటర్నేషనల్ సంస్థ చీకటి ఆకాశ ఉద్యానంగా గుర్తించింది. దేశంలో మొదటిది, ఆసియాలో 5వది. అటవీ శాఖ అక్కడ పరిశీలనా కేంద్రం ఏర్పాటు చేసి, అంచున ఉన్న గ్రామాల్లో వీధి దీపాలను వెలుగు నేలమీదే పడేలా మార్చింది.

నాగపూర్ ప్రాంతం గోండుల నేల కూడా. వాళ్ళ నక్షత్ర జ్ఞానాన్ని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన మయాంక్ వాహియా బృందం నమోదు చేసింది. సప్తర్షి మండలంలోని నాలుగు నక్షత్రాలు వాళ్ళకి మంచం. అడవిలో నిలబడి పర్యాటకుడికి గ్రీకు కథ ఒక్కటే చెప్పి, ఆ నేల కథ చెప్పకపోతే ఆ కార్యక్రమం సగమే.

ఇలాంటి రాత్రి ఎలా సాగుతుందో తెలిస్తే ఆన్సర్లో నిర్దిష్టత వస్తుంది. అమావాస్యకు దగ్గర రోజులు ఎంచుకుంటారు. ఫోన్లు లోపల పెట్టిస్తారు, ఎర్ర కాంతి టార్చి మాత్రమే వాడతారు. కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి లైటు పడితే మళ్ళీ మొదటికి. ముందు ఒట్టి కళ్ళతో దిక్కులు, ధ్రువుడు, పెద్ద నక్షత్రాలు. తర్వాతే టెలిస్కోప్. వరుసలో నిలబడిన ప్రతి ఒక్కరికీ అర నిమిషం. ఎత్తు అందని పిల్లలకి స్టూలు. శని వలయాలు చూసి నిజమేనా, లోపల బొమ్మ అతికించారా అని అడిగేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఆ అనుమానమే జిజ్ఞాస, 51-ఎ(హెచ్) కోరుకునేది దాన్నే.

రెండో వైపు కూడా ఉంది. చీకటి అనగానే మహిళల భద్రత, రోడ్డు ప్రమాదాలు, అడవి అంచున జంతు భయం గుర్తొస్తాయి. కరెంటు కోసం తరాలు ఎదురుచూసిన ఊరికి వెళ్ళి, నగరవాసి చుక్కల కోసం లైట్లు తియ్యండి అనడం న్యాయం కాదు. పరిష్కారం దీపం తీసెయ్యడం కాదు, దీపానికి టోపీ పెట్టడం. వెలుగు నేలమీద పడాలి, కళ్ళలో, ఆకాశంలో కాదు. తెల్లటి కాంతి బదులు పసుపు ఛాయ, అవసరమైనంతే తీవ్రత. కాంతి కాలుష్యం మీద మనకి ప్రత్యేక కేంద్ర చట్టం లేదు, కాబట్టి ఇదంతా ప్రస్తుతానికి స్థానిక పాలనల చొరవ మీదే నడుస్తోంది.

8. ఆన్సర్లో ఎలా వాడాలి?

• హాన్లే, పెంచ్ కలిపెయ్యకండి. హాన్లే లద్దాఖ్ యంత్రాంగం నోటిఫై చేసింది. పెంచ్‌కి అంతర్జాతీయ సంస్థ గుర్తింపు ఇచ్చింది. అది కూడా మహారాష్ట్ర వైపు పెంచ్, మధ్యప్రదేశ్ వైపు కాదు.

• శాస్త్రీయ దృక్పథం ప్రశ్నకి 1980-1995 పోలిక వాడండి. ఒక అధికరణ, ఒక ప్రకటన, ఒక జాతా, ఒక ఫిల్టర్. రాజ్యాంగం నుంచి వీధి దాకా గొలుసు పూర్తవుతుంది.

• పర్యావరణం ప్రశ్నలో కాంతి కాలుష్యాన్ని కీటకాలు, వలస పక్షులు, తీరానికి వచ్చే తాబేలు పిల్లలతో కలిపి రాయండి. చుక్కలు కనబడవు అన్న ఒక్క కారణంతో ఆపకండి.

• పాలన కోణంలో ఖగోళ రాయబారుల నమూనా రాయండి. సంరక్షణలో స్థానికుడికి వాటా ఉంటే అది నిలబడుతుంది.

• ఎస్సేకి దశలు ఇలా గుర్తుంటాయి: రాజు యంత్రం, కంపెనీ వేధశాల, గుమాస్తా టెలిస్కోప్, నగర నక్షత్రశాల, ఊరి మైదానం, అడవి అంచు. ప్రతి దశలోనూ ఆకాశం ఇంకొంచెం మందికి అందింది.

ఒక చివరి మాట. మనలో కొందరు రేపు కలెక్టర్లు, మున్సిపల్ కమిషనర్లు, అటవీ అధికారులు కావాలని చదువుతున్నారు. వీధి దీపాల టెండర్ ఫైలు మీ టేబుల్ మీదికి వస్తుంది. అందులో దీపం ఏ దిక్కుకి తిరగాలన్నది ఒక చిన్న నిబంధన, ఎవరూ అడగరు. మీ జిల్లా పార్కులో నెలకి ఒక అమావాస్య రాత్రి లైట్లు తగ్గించి, ఒక టెలిస్కోప్, ఒక సైన్స్ మాస్టారు, ఒక స్టూలు పెట్టించడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. తర్వాతి పెద్ద గ్రహణం నాటికి ఆ జిల్లా పిల్లలు తలుపు లోపల ఉంటారా, బయట ఉంటారా అన్నది అలాంటి రాత్రుల మీద ఆధారపడి ఉంటుంది.

ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): స్వతంత్ర భారతంలో శాస్త్రీయ దృక్పథం వ్యాప్తికి ప్రభుత్వ సంస్థలకన్నా ప్రజా ఉద్యమాల పాత్రే ఎక్కువ. ఖగోళ విద్య ఉదాహరణతో విమర్శనాత్మకంగా పరిశీలించండి.

రాసేముందు ఈ రాత్రి ఒక్క పది నిమిషాలు మేడ ఎక్కి, ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను మీ ఆన్సర్ మొదటి వాక్యంలో వాడుకోవచ్చు.